కారు కొనాలా, పాసు తీయాలా? గుంటూరు–బెజవాడ రోజూ తిరిగేవాళ్లకు ఒక లెక్క

"మామయ్యా, డౌన్ పేమెంట్ సర్దేశాను. దసరాకి కారు తీసుకుని, అమ్మవారి గుడి దగ్గర పూజ చేయిద్దామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావు?"

మా మేనల్లుడి ఫోను. వాడి కాపురం గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడ బందరు రోడ్డులో. నేను మైలేజీ గురించో సన్‌రూఫ్ గురించో మాట్లాడతానని వాడి ఎదురుచూపు.

"ఎక్కడికి వెళ్లడానికిరా?" అన్నాను.

"ఆఫీసుకే."

"కార్లో ఎంతమంది?"

"నేనొక్కణ్నే" అన్నాడు, కాస్త గొంతు తగ్గించి.

ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం. వాడికి చెప్పిందీ, చెప్పడం మరిచిపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట ఒప్పుకుంటాను. నాకూ కారుండేది. ఏడేళ్లు నడిపి అమ్మేశాను. ఎందుకు అమ్మానో మధ్యలో వస్తుంది.

ముందు జేబు లెక్క

వాడి ఇంటి నుంచి ఆఫీసుకు సుమారు 35 కిలోమీటర్లు. రానూ పోనూ 70. నెలకు 24 పనిరోజులు వేసుకుంటే 1,680 కిలోమీటర్లు. చిన్న పెట్రోలు కారు లీటరుకు 15 ఇచ్చిందనుకుందాం. విజయవాడ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఇంజను ఆపకుండా నిలబడే సమయం చూస్తే ఇది కారు మీద దయ చూపించిన లెక్కే. 112 లీటర్లు అవుతుంది. లీటరు 110 రూపాయలకు అటూ ఇటూ ఉందనుకుంటే పన్నెండు వేల పైమాటే. ఏడు లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అయితే ఈఎంఐ నెలకు దాదాపు 14,500. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు కలిపి సరాసరిన మూడు వేలు. కాజ టోల్‌గేటు, ఆఫీసు దగ్గర పార్కింగు విడిగా. అన్నీ కూడితే ముప్పై వేలు దాటుతుంది.

అదే దూరం బండి మీద, అంటే స్కూటరో బైకో అయితే, లీటరుకు 45 వచ్చినా నెలకు నాలుగు వేల పెట్రోలు. రైలు సీజన్ పాసు వందల్లో తేలిపోతుంది. రెండు చివర్లా షేర్ ఆటోలకు రోజుకు నలభై యాభై పోసినా పదిహేను వందలకు మించదు. బస్సు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది.

"సుఖానికి ఆ మాత్రం పెట్టుకోకూడదా మామయ్యా?" అన్నాడు. పెట్టుకోవచ్చు. సంపాదించేది అందుకే. కాకపోతే ఈ ముప్పై వేలతో ఆ సుఖానికి పూర్తి ధర కట్టేసినట్టు కాదు. మిగతాది వేరేవాళ్లు కడతారు. షోరూంలో ఇచ్చే కొటేషన్‌లో ఆ వరుస ఉండదు.

ఎదుటివాడు కట్టే బిల్లు

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఒక వరుసనే తీసుకోండి. పచ్చలైటు అరనిమిషం ఉందనుకుందాం. అందరూ పద్ధతిగా కదిలితే రెండు సెకన్లకు ఒక కారు చొప్పున పదిహేను దాటుతాయి. మీరు పదిహేనోవారు. దాటేశారు, సంతోషం. మీ వెనక పదహారోవాడు మళ్లీ సిగ్నల్ పడేదాకా ఆగాలి. మీరు వాడింది రెండు సెకన్లు, వాడికి పోయింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకు మీరేం చెల్లించలేదు, మీ వల్లే పోయిందని వాడికీ తెలియదు. పైగా వాడి వెనక ఉన్నది ఆర్టీసీ బస్సు అయితే యాభై మందికి తలా రెండు నిమిషాలు.

ఒకరు చేసే పనికి ఇంకొకరి మీద పడే ఇలాంటి ఖర్చు గురించి ఆర్థర్ పిగూ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1920లోనే రాశాడు. ఆ ఖర్చును చేసినవాడి చేతే కట్టించాలన్నది ఆయన వాదన. సింగపూర్ 1975లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల మీద రుసుము పెట్టింది. లండన్ 2003లో పెట్టింది. స్టాక్‌హోమ్‌లో 2006లో ప్రయోగంగా మొదలుపెడితే రుసుము కట్టాల్సిన హద్దు దాటే వాహనాలు ఐదో వంతు దాకా తగ్గాయి. బందరు రోడ్డులో మనల్ని అలా ఎవరూ అడగరు కాబట్టి, ఆ బిల్లు మనకు మనమే వేసుకోవాలి.

బెజవాడలో ఈ బిల్లు ఎందుకు ఎక్కువో ఊరిని చూస్తేనే అర్థమవుతుంది. ఒక పక్క కృష్ణమ్మ, ఇంకో పక్క ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండలు. ఊరి మధ్యలోంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. వాటికి తోడు నాలుగు వైపులా రైలు పట్టాలు. ఎటు వెళ్లాలన్నా ఏదో ఒక వంతెన ఎక్కాల్సిందే, ఆ వంతెన దగ్గర అందరూ ఒకే గొట్టంలోకి దూరాల్సిందే. ఈ ఊరిని రబ్బరులా సాగదీయలేం.

ఫ్లైఓవర్లు వచ్చాయి కదా అంటారు. కనకదుర్గ ఫ్లైఓవర్ 2020 అక్టోబరు 16న మొదలైంది, హైదరాబాద్ వైపు వెళ్లేవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. నిజమే. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్లు కూడా హైవే మీద చెన్నై నుంచి కలకత్తా పోయే బండ్లను పైనుంచి పంపేస్తున్నాయి. కానీ పటమట వాడు బందరు రోడ్డుకు రావాలంటే ఇప్పటికీ కింద సిగ్నల్ దగ్గరే నిలబడాలి. పైగా దారి ఖాళీ అయిందని తెలియగానే, నిన్నటిదాకా బస్సెక్కినవాళ్లు కూడా కారు తీస్తారు. అమెరికా నగరాల మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనం కూడా ఇదే తేల్చింది. రోడ్డు ఎంత పెంచితే బండ్ల తిరుగుడు కూడా ఇంచుమించు అంతే పెరుగుతోందట. ఇక మన బీఆర్‌టీఎస్ (బస్ రాపిడ్ ట్రాన్సిట్) రోడ్డు సంగతి. బస్సుల కోసమని కట్టిన ఆ రోడ్డుకు పేరులో మాత్రం బస్సు మిగిలింది. దాని గురించి మొదలుపెడితే ఈ వ్యాసం ఇప్పట్లో అవదు.

నిలబెట్టిన కారు సంగతి కూడా ఉంది. సొంత కారు మామూలుగా రోజులో ఇరవై రెండు గంటలు నిలబడే ఉంటుంది. దానికి కావలసిన చోటు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, అంటే 130 చదరపు అడుగుల పైమాటే. బ్రాడీపేటలో అంత గది అద్దెకు దొరకాలంటే ఎంతవుతుందో బ్యాచిలర్ కుర్రాళ్లను అడగండి. రోడ్డు మీద మాత్రం ఆ గది ఉచితం. అపార్ట్‌మెంటుకు ఒక్కో ఫ్లాటుకు ఒక్క పార్కింగు ఉంటే రెండో కారు సందులోకి వస్తుంది. కాంప్లెక్సు సెల్లార్‌లో దుకాణం పెడితే అక్కడికి వచ్చే కార్లూ సందులోకే వస్తాయి.

మా సందులో జరిగింది

నేను కారు అమ్మడానికి కారణం పెట్రోలు ధర కాదు.

మాది విజయవాడలో ఇరవై అడుగుల సందు. మా ఇంటి ముందు నా కారు, ఎదురు వరసలో కాస్త కిందుగా ఇంకొకరిది. రెంటి మధ్య బండి పడుతుంది, ఆటో కష్టం మీద పడుతుంది. ఒక రాత్రి పదకొండున్నరకు సందు లోపలి ఇంట్లో పెద్దాయనకు గుండెలో నొప్పి. అంబులెన్సు వచ్చింది, మలుపు దగ్గరే ఆగిపోయింది. నేను నిద్రలో ఉన్నాను. హారన్ వినపడింది గానీ హారన్ మనకు కొత్తా? తలుపు కొట్టి లేపి, నేను తాళాలు వెతికి బయటికి వచ్చేసరికి ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోతున్నారు. మా గేటు ముందు నుంచే, నా కారు అద్దానికి కుర్చీ కాలు రాసుకుంటూ.

ఆయన బతికారు. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు కూడా. అనుంటే బాగుండేది.

ఆ సంక్రాంతికి గమనించాను. ధనుర్మాసం వస్తే మా ఆవిడ గేటు ముందు ముగ్గు వేసేది. కారు వచ్చాక ముగ్గు గేటు లోపలికి వెళ్లింది. కారు తీసిన పూట బయట వేసినా, సాయంత్రానికి దాని మీద టైరు గుర్తులు. ఎదురింటి ఆవిడా లోపలే వేసుకుంటోంది. ముగ్గు వేస్తూ ఒకరినొకరు పలకరించుకునే అలవాటు పోయింది. పిల్లల క్రికెట్టు ముందే పోయింది, బంతి ఏ కారు అద్దానికి తగులుతుందోనని పెద్దవాళ్లే ఆపించారు. చిన్న విషయాలే అనిపిస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు ఒకేలాంటి మూడు వీధులను పోల్చి చూశాడు. తేడా అల్లా ఏ వీధిలో ఎన్ని బండ్లు తిరుగుతున్నాయన్నదే. బండ్లు తక్కువ తిరిగే వీధిలో ఒక్కో మనిషికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులున్నారు. ఎక్కువ తిరిగే వీధిలో ఒక్కరు కూడా నిండా లేరు, 0.9. మా సందుకు ఆ లెక్క వేయడానికి ఆపిల్‌యార్డ్ రానక్కరలేదు.

ఇక ఒక్కో దారినీ చూద్దాం

రైలు. గుంటూరు–విజయవాడ మధ్య రోజూ తిరిగే ఒంటరి ఉద్యోగికి నా మొదటి ఓటు దీనికే. బ్రాడీపేట నుంచి స్టేషన్ దగ్గరే. మంగళగిరి, కృష్ణా కెనాల్ మీదుగా బండి సరిగ్గా నడిస్తే రోడ్డు మీద కార్ల కంటే వెనకబడదు. సీజన్ పాసుతో సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే సర్‌చార్జీ కట్టాలి. రిజర్వేషన్ పెట్టెలో ఎక్కి కూర్చుంటే టీసీ ఊరుకోడు. దీని జబ్బు ఒకటే, ఔటర్. బెజవాడ పెద్ద జంక్షను, ప్లాట్‌ఫారం ఖాళీ లేక కృష్ణా వంతెనకు ఇవతలే ఆపేస్తారు. కాబట్టి తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండాల్సినవాళ్లు ఆఖరి బండిని నమ్ముకోకుండా దాని ముందు బండి ఎక్కాలి. సమయానికి కచ్చితంగా చేరాల్సిన ఉద్యోగమైతే, ఆసుపత్రి డ్యూటీలాంటిది, రైలు ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పలేను.

బస్సు. రైలు తప్పిపోతే బస్సు ఉంటుంది, అదే దాని బలం. ఆఫీసు బెంజి సర్కిల్ వైపు అయితే బస్టాండు దాకా పోకుండా కృష్ణ మీది వారధి దాటాక దిగి షేర్ ఆటో పట్టుకుంటే చాలా సమయం కలిసొస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఏ రకం బస్సో ఎక్కేముందు కండక్టరును అడగడం మంచిది. రద్దీ పెరిగింది, నిజం. నిలబడి ప్రయాణం చేయలేని వయసు వాళ్లకు ఉదయం ఎనిమిది నుంచి పది దాకా బస్సు కష్టమే. కానీ రోడ్డు వైపు నుంచి చూస్తే దీనికి సాటి లేదు. ట్రాఫిక్ ఇంజనీర్లు ఒక బస్సును సుమారు మూడు కార్ల కింద లెక్కేస్తారు. మూడు కార్ల చోటులో యాభై మంది. అదే మూడు కార్లలో మా మేనల్లుడిలాంటి వాళ్లు ముగ్గురు.

బండి. ఇక్కడ నాకు చాలామందితో పేచీ. ఊళ్లో తిరగడానికి బండిని మించింది లేదు. కారు చోటులో రెండు పడతాయి, పార్కింగు గోల తక్కువ, అరండల్‌పేట లైన్లలోనైనా వన్‌టౌన్ సందుల్లోనైనా దూరిపోతుంది. కానీ రోజూ హైవే మీద డెబ్బై కిలోమీటర్లు అంటే నేను ఒప్పుకోను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వాళ్లే. నడిచి వెళ్తూ పోయినవాళ్లు నూటికి 19 మంది పైనే. ఆరు వరసల రోడ్డు మీద లారీల మధ్య, మే నెల ఎండలో, వర్షంలో... ఆ పొదుపు నాకొద్దు. బండిని స్టేషన్ దాకా ఉంచుకోండి. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే ఆ పనికి మరీ బాగుంటుంది.

ఆ అంకెల్లో ఇంకో సంగతి ఉంది. కారు కొనడానికి చాలామంది చెప్పే కారణం "సేఫ్టీ". లోపల ఉన్నవాళ్లకు అది నిజమే. కారు ఒక్కటి పెరిగితే బయట బండి మీద ఉన్నవాడికీ, రోడ్డు దాటే ముసలావిడకూ భయం పెరుగుతుంది. వాళ్లలో కాస్త డబ్బున్నవాళ్లు ఆ భయంతోనే కారు కొంటారు. అలా కొంటూ పోతాం.

నలుగురూ కలిసి ఒక కారు. ఒకే వైపు ఆఫీసులున్న నలుగురు దొరికితే ఇది రైలుకు దాదాపు సమానం. పెట్రోలు, టోలు నాలుగు భాగాలు. దీనికి కావలసింది కారు కంటే ఎక్కువగా ఓపిక, ఎందుకంటే ఒకడు రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఆ ఒకడు మీరేనేమో ముందు చూసుకోండి.

క్యాబు, ట్రావెల్స్ కారు. మా అక్కకు, అంటే వాడి అమ్మకు, మోకాళ్ల నొప్పులు. "అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలి కదా" అన్నది వాడి బలమైన వాదన. సరే, గడిచిన మూడు నెలల్లో ఎన్నిసార్లు తీసుకెళ్లావో రాయి అన్నాను. రాశాడు. ఆసుపత్రి, పెళ్లిళ్లు, గుడి అన్నీ కలిపి నెలకు ఐదారు ప్రయాణాలు. క్యాబు పెట్టినా, దూరాలకు ట్రావెల్స్‌లో కారు మాట్లాడినా ఈఎంఐలో సగం కూడా కాలేదు. పైగా ఆసుపత్రి దగ్గర తల్లిని గేటు ముందు దింపి తను పార్కింగు కోసం నాలుగు వీధులు తిరిగే బాధ లేదు.

సెకండ్ హ్యాండ్ కారు. వారాంతాలకు, ఊళ్లకు, పిల్లలతో ప్రయాణాలకు సొంత కారు ఉండాలి అనుకునేవాళ్లు ఉంటారు. తప్పేం లేదు. మూడు నాలుగు లక్షల్లో మంచిది చూసుకుని ఇంటి దగ్గర ఉంచుకోండి. వారానికోసారైనా తీయకపోతే బ్యాటరీ చస్తుంది, కవర్ కింద ఎలుకలు వైర్లు కొరుకుతాయి. రెండూ నా అనుభవమే.

కొత్త ఎలక్ట్రిక్ కారు. పొగ ఉండదు, నడిపే ఖర్చు బాగా తక్కువ. గాలి శుభ్రత మెరుగుపడాల్సిన నగరాల జాతీయ జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి కాబట్టి అది చిన్న విషయం కాదు. కానీ సిగ్నల్ దగ్గర అది పట్టే చోటు అంతే, సందులో పట్టే చోటూ అంతే. మా పెద్దాయన కుర్చీ దాని పక్కనుంచి కూడా అలాగే రాసుకుంటూ పోవాలి.

మెట్రో వస్తోంది కదా, ఆగుదామా అనేవాళ్లకు: అనుకున్న రెండు దారులూ నెహ్రూ బస్టాండు నుంచి ఒకటి గన్నవరానికి, ఒకటి పెనమలూరుకు. గుంటూరు నుంచి వచ్చేవాడికి బస్టాండు దాటాకే దాని పని. కాజ నుంచి గొల్లపూడి మీదుగా చిన్నఅవుటపల్లి పోయే పశ్చిమ బైపాస్ లారీలను ఊరి బయట నుంచే పంపడానికి. బందరు రోడ్డులో ఆఫీసు ఉన్నవాడికి అది దారి కాదు.

అయితే కారు ఎవరికి?

రాత్రి షిఫ్టులు చేసేవాళ్లకు. నడవలేని మనిషి ఇంట్లో ఉండి వారంలో మూడు నాలుగుసార్లు డయాలసిస్‌లాంటి వాటికి వెళ్లాల్సిన ఇళ్లకు. సామాను మోసుకుంటూ పల్లెలు తిరిగే వ్యాపారులకు. బస్సు రోజుకు రెండుసార్లు మాత్రమే వచ్చే ఊళ్లలో ఉన్నవాళ్లకు. వీళ్లతో నాకు వాదన లేదు. వీళ్ల దారి ఖాళీగా ఉండాలనే మిగతావాళ్లం కాస్త తగ్గాలంటున్నాను. గుంటూరులో శంకర్ విలాస్ దగ్గర జామ్ అయితే జీజీహెచ్‌కు, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రికి, పోయే అంబులెన్సు కూడా అందులోనే ఉంటుంది. మిర్చి సీజన్లో యార్డుకు వచ్చే లారీ ఎక్కడో ఒక చోట ఆగక తప్పదు. నీ కారు అక్కడ ఉండక తప్పదా అన్నదే నేను వాడిని అడిగింది.

కొనక తప్పదనుకునేవాళ్లకు ఒక షరతు. సొంత పార్కింగు చోటు లేకుండా కారు కొనొద్దు. రాత్రి అది నిలబడేది మీ గేటు లోపలో, మీరు అద్దె కట్టే చోటో అయి ఉండాలి. ఆ అద్దె కూడా ఈఎంఐ పక్కన రాసి చూడండి. చాలామంది దగ్గర అక్కడే లెక్క తిరగబడుతుంది.

మా వాడు దసరాకు కారు తీసుకోలేదు. నా మాట విన్నాడని గొప్పలు పోను. నెల రోజులు రైల్లో తిరిగి చూస్తా, నచ్చకపోతే దీపావళికి కొంటా అన్నాడు. మూడో వారంలో ఫోన్ చేశాడు.

"మామయ్యా, కృష్ణా కెనాల్ దగ్గర ఇరవై ఐదు నిమిషాలుగా ఆపేశాడు. ఇదేనా నువ్వు చెప్పిన రైలు?"

నేను సర్దిచెప్పబోయాను. వాడే మాట మార్చాడు. రోజూ మంగళగిరిలో ఎక్కి వాడి ఎదురుగా కూర్చునే చేనేత చీరల షాపాయన అప్పుడే కూతురి పెళ్లి శుభలేఖ ఇచ్చాడట. కుటుంబంతో రావాల్సిందేనని మరీ మరీ చెప్పాడట. పెళ్లి తెనాలిలో, రాత్రి ముహూర్తం.

"అమ్మను కూడా తీసుకెళ్లాలి. నీకు తెలిసిన ట్రావెల్స్ వాళ్లెవరైనా ఉన్నారా?"